ఉతకని తువ్వాలు

మావారి పెద్దకర్మ జరిగిన మర్నాడు మా పిల్లి మొదటిసారి గోడ మీద ఉచ్చ చిమ్మింది. హాల్లో ఆయన మంచం ఉండే చోటు ఖాళీగా ఉంది. అక్కడి గోడకు వెనక్కి తిరిగి నిలబడి, తోక నిటారుగా ఎత్తి వణికిస్తూ చిమ్మింది. ముసలి గండుపిల్లి. అన్నేళ్ళలో ఇంట్లో ఒక్కసారి కూడా తప్పు చేసి ఎరగదు. పెరట్లో కొబ్బరి పొట్టు పోసిన మూలకే వెళ్ళొచ్చేది.

మావారిది ఎండుకొబ్బరి వ్యాపారం. పెరటి షెడ్డులో ఎలుకల బాధ పడలేక తెచ్చిన పిల్ల అది. ఎలుకల సంగతి ఎలా ఉన్నా, ఆయన ఒళ్ళోకి మాత్రం చేరింది. వయసుకొచ్చాక బుట్టలో పెట్టుకుని కాకినాడ తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించుకొచ్చారు. అరుగు మీద కూర్చున్నవాళ్ళు ఊరుకుంటారా?

"ఏమండోయ్, ఫ్యామిలీ ప్లానింగ్ పిల్లులక్కూడా వచ్చిందేంటండి?"

"మీ ఇంటి గోడ దూకకుండా ఉండాలనేనండి," అని నవ్వేవారు ఆయన.

పోయినవారి పడక, కట్టుబట్టలు ఇంట్లో ఉంచుకోకూడదని మా పద్ధతి. మంచం నవారు విప్పేశారు. పరుపు, దుప్పట్లు, చొక్కాలు, పంచెలు అన్నీ చాకలివారికి ఇచ్చేశాం. ఇల్లంతా కడిగించి గోడలకు సున్నం వేయించాం. షెడ్డులోని సరుకును పక్కవీధి వ్యాపారి కొనుక్కుని గోనెలతో సహా తీసుకుపోయారు. ఈ హడావుడి జరిగినన్నాళ్ళూ పిల్లి బీరువా కింద నుంచి బయటికి రాలేదు. వచ్చాక మొదలుపెట్టింది.

మా వదినగారు, అంటే మావారి అక్కగారు, తుని నుంచి వచ్చి నాకు తోడుగా ఉండిపోయారు. తమ్ముడంటే ప్రాణం ఆవిడకు. శుభ్రం అన్నా అంతే. పిల్లి చిమ్మిన చోటల్లా ఫినాయిలు పోసి తోమేవారు, పైన పసుపునీళ్ళు చల్లేవారు. సాయంత్రానికి అది మళ్ళీ అక్కడే చిమ్మేది. ఒకరోజు ఆయన ఫోటో పెట్టిన బల్ల కాలి మీదే చిమ్మింది.

"దీపం పెట్టే చోటమ్మాయ్ అది! దీన్నింక ఇంట్లో ఉంచడానికి వీల్లేదు. నేను వెళ్ళేటప్పుడు సంచిలో వేసుకుపోయి తునిలో చేపల మార్కెట్ దగ్గర వదిలేస్తా. తిండికి లోటుండదులే దానికి."

మార్కెట్ దగ్గర తిరిగే కుక్కల మధ్య ఈ ముసలిది ఒక్క పూట బతకదు. ఆయన పోయాక ఆయన అడుగుల చప్పుడు కోసం ఇంకా ఎదురుచూసేది ఆ ఇంట్లో నేను కాక అదొక్కటే.

పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, పరీక్షలు చేసి, "జబ్బేం లేదండి. బెదిరింది. ఇంట్లో ఏమైనా మార్పు జరిగిందా అండి?" అని అడిగారు. అడుగుతూ నా ముఖం చూసి, జవాబు కోసం ఆగకుండా పిల్లి వైపు తిరిగిపోయారు.

నేను పదో తరగతితో ఆగిపోయినదాన్ని. ఆ తర్వాత చదివిందంతా పంచాయతీ ఆఫీసు పక్కనున్న గ్రంథాలయంలోనే. ఇంగ్లీషు కూడా నిఘంటువు పక్కన పెట్టుకుని అక్కడి బల్ల మీదే నేర్చుకున్నాను. ఆ మాట చెప్పుకోవడం నాకు గర్వం. అందుకే, ఏమైనా తెలియకపోతే కాళ్ళు అటే లాగుతాయి.

"ఆసుపత్రికంటే వెళ్ళావు సరే, ఏడాది తిరగకుండా మళ్ళీ వీధిలోకేంటి? అంతా ఫోన్లో ఉంటుందిగా!" అన్నారు వదినగారు.

"చూశానండి. ఒకరు నిమ్మకాయ రుద్దమన్నారు, ఒకరు మిరియాల పొడి చల్లమన్నారు."

"అయితే చల్లు."

నేను వెళ్ళాను. దారిలో ఇద్దరు ముగ్గురు తలుపు చాటు నుంచి చూశారు. కింది అరలో, చెదలు తిన్న అట్టతో, పెంపుడు జంతువుల మీద ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది. రెండు మధ్యాహ్నాలు కూర్చుని పిల్లుల భాగం చదివాను. పిల్లి తన ఇంటిని వాసనతో గుర్తుపడుతుందట. ఆ వాసన చెదిరితే బెదిరిపోయి, తన వాసనే మళ్ళీ గోడలకు పూసుకుంటుందట. ఘాటైన మందులతో కడిగితే ఇంకా ఎక్కువ చేస్తుందట. మేం శుద్ధి అనుకుని కడిగిన ప్రతిసారీ దాని ఇల్లు ఇంకాస్త ఖాళీ అయిందన్నమాట.

ఫినాయిలు మానిపించి వంటసోడా నీళ్ళతో తుడవడం మొదలుపెట్టాను. కొంచెం తగ్గింది కానీ ఆగలేదు. అలవాటైన మనిషి వాడిన బట్టను, ఉతకనిదాన్ని, దాని పక్కలో వేయమని కూడా ఉంది పుస్తకంలో. బట్టకు బదులు, సరుకు కొన్నాయన దగ్గర మా షెడ్డులోని పాత గోనె ఒకటి అడిగి తెచ్చి వేశాను. వాసన చూసి వెళ్ళిపోయింది. కొబ్బరి వాసనే గాని అందులో ఆయన లేరు.

ఉతకని బట్ట ఇంట్లో ఒకటుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు. షెడ్డు తలుపు వెనక మేకుకు వేలాడిన గళ్ళ తువ్వాలు అది. బట్టలన్నీ మూటగట్టిన రోజున ఎవరి కంటా పడలేదు. నేను తీసి, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో దాచుకున్నాను. ఉండబట్టలేనప్పుడు మూత కొంచెం తీసి, ఒక్కసారి పీల్చి, గబుక్కున మూసేసేదాన్ని. కొబ్బరినూనె, చెమట, ఆయన మెడకు రాసుకునే బామ్. పిల్లికిస్తే వారం తిరిగేసరికి అందులో పిల్లి వాసనే మిగులుతుంది. ఇవ్వలేకపోయాను.

వదినగారు ఊరెళ్ళే రోజు వచ్చింది. గుమ్మం దగ్గర సంచి సిద్ధంగా ఉంది.

"పట్టివ్వమ్మాయ్, బస్సు వేళైంది."

నేను లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చాను. తువ్వాలు తీసి, ఆయన మంచం ఉండే చోట నేల మీద పరిచాను.

"ఇదెక్కడిది? వాడిది కదూ?"

తిడతారనుకున్నాను. పోయినవారి బట్ట ఇంట్లో ఉంచుకుంటారా అంటారనుకున్నాను. ఆవిడ వంగి తువ్వాలు తీసి ముఖానికి అద్దుకున్నారు. అలాగే నేల మీద కూలబడ్డారు. "చిన్నప్పుడు బడి నుంచి వచ్చేవాడు, అచ్చం ఇదే వాసన," అన్నారు. తువ్వాలు మళ్ళీ నేల మీద ఆవిడే పరిచారు, మడతలు సర్ది మరీ.

పిల్లి బీరువా కింద నుంచి వచ్చింది. వాసన చూసింది. ముందుకాళ్ళతో చాలాసేపు తొక్కింది. ముఖం దూర్చుకుని పడుకుంది.

వదినగారు సంచిని మడిచి చంకలో పెట్టుకుని బస్సెక్కారు.

ఆ తర్వాత కూడా అప్పుడప్పుడు చిమ్మింది. వానాకాలం వెళ్ళేసరికి మానేసింది. ఇప్పుడు తువ్వాలు నిండా దాని వెంట్రుకలే. ఎత్తి చూస్తే పిల్లి వాసన తప్ప ఇంకేమీ రాదు. ఖాళీ డబ్బాలో ఆయన వాసన కొంచెం మిగిలే ఉంటుంది. దాని మూత తీయడం లేదు.