కాళ్లాయన

ఆ ఆసుపత్రిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచే మనిషి జీతాల గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆయన కాళ్లాయన. గుండె ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టరు దగ్గర సహాయకుడు; డాక్టరు కాదు, ఆ పనికని వేరే చదువు చదివినవాడు. గుండెకు రక్తం తీసుకెళ్లే దారి మూసుకుపోయినప్పుడు పక్క నుంచి కొత్త దారి వెయ్యాలంటే మంచి రక్తనాళం ఒకటి కావాలి. దాన్ని కాలిలోంచి తీస్తారు. అవతల పెద్ద డాక్టరు ఛాతీ తెరుస్తుంటే, బల్లకు ఈ చివర నిలబడి, చీలమండ నుంచి మోకాలి పైదాకా కోసి, నాళం చిట్లకుండా, మెలిపడకుండా పైకి తీసి ఇచ్చి, మళ్లీ ఆ కాలు కుట్టెయ్యడం ఈయన పని. చదువు ముగించుకుని వచ్చిన రోజు నుంచీ అదే బల్ల, అదే చివర.

పెళ్లయిన కొత్తలో ఆయన భార్య, "మా ఆయన రోజూ జనం కాళ్లు పట్టుకుని నన్ను పోషిస్తున్నారు" అని చుట్టాలందరినీ నవ్వించేది. బడిలో లెక్కల టీచరు ఆవిడ, మాట మంచి పదును. రానురాను ఆ హాస్యం తగ్గిపోయింది. ఎందుకంటే కాళ్లాయన ఎక్కడికీ రాడు. అత్యవసరమైన కేసు వస్తే అరగంటలో బల్ల దగ్గర ఉండాలి. అంతకన్నా దూరం వెళ్లకూడదు. బావమరిదికి కొడుకు పుడితే, వాడు నడక నేర్చి, పరుగు నేర్చి, వీళ్లింటికి వచ్చి గ్లాసులు పగలగొట్టాక గానీ మేనల్లుడి ముఖం చూడలేదు.

"గుంజకు కట్టేసిన గొడ్డుకైనా అప్పుడప్పుడూ తాడు విప్పుతారండీ" అందామె ఒకసారి.

ఆయన చొక్కా తగిలించుకుని ఆసుపత్రికి బయలుదేరాడు. 

ఆపరేషన్ గదికి కిటికీ లేదు. పొద్దు పొడవకముందే లోపలికి వెళ్తే, బయటికొచ్చేసరికి ఎండ వచ్చి పోయిందో, వాన కురిసి వెలిసిందో తెలిసేది కాదు. రోగి మత్తులో ఉండగా ఈయన వస్తాడు, రోగికి మెలకువ రాకముందే వెళ్లిపోతాడు. కోలుకున్నవాళ్లు పెద్ద డాక్టరుకు దణ్ణాలు పెట్టేవాళ్లు. కాళ్లాయన గురించి వాళ్లు చెప్పే మాట ఒక్కటే ఆయన చెవిన పడేది, అదీ పెద్ద డాక్టరు నోట: "గుండె భేషుగ్గా ఉందట. ఆ కాలే, నిద్రపోనివ్వడం లేదట. ఇకమీద కాస్త చూసి కొయ్యి." ఇన్నేళ్ల పనికి బయటినుంచి వచ్చిన కబురు అదొక్కటే.

ఒకప్పుడు వేరే ఆసుపత్రికి మారదామనుకున్నాడు. పెద్ద డాక్టరు చెడ్డవాడేం కాదు. కుర్చీ చూపించి కూర్చోబెట్టి మరీ చెప్పాడు. "నీ చేయి వేరయ్యా. నువ్వు లేకపోతే నాకు కాలూ చేయీ ఆడదు." ఆ మాటకు కాళ్లాయన కడుపు నిండిపోయింది. ఇంటికి నడుస్తూ ఉంటే మెల్లగా అర్థమైంది, తలుపు మూసి గడియ పెట్టింది కూడా ఆ మాటేనని. పైకి ఎక్కడానికి మెట్లు లేవు. ఎన్నాళ్లు చేసినా సహాయకుడు డాక్టరు కాడు. పక్కకు పోదామంటే పొగడ్త అడ్డం.

అలాంటి రోజుల్లో ఆపరేషన్ గదిలో గాలి శుభ్రం చేసే యంత్రం పాడైంది. బాగయ్యేదాకా గది మూసేశారు. కేసులన్నీ వేరే ఆసుపత్రికి పంపించారు. కాళ్లాయనకు సెలవు దొరికింది గానీ, దాన్నేం చేసుకోవాలో తెలియలేదు. పంజరం తలుపు తీసినా చిలక కమ్మీ వదలదంటారే, అలా సోఫా అంచునే కూర్చున్నాడు. భార్య పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కళ్లజోడు పైనుంచి ఒకసారి చూసింది.

అప్పుడు ఫోన్ మోగింది. అవతల అక్క.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు. కిడ్నీ వార్డులో సహాయకురాలిగా చేసి రిటైరైన మనిషి. ఊళ్లో ఉన్న వైద్య సహాయకులందరికీ అక్కే. వాళ్లకో సంఘం ఉంది, కళ్లజోళ్ల కొట్టు మీది గదిలో కూడతారు. దాన్ని నడిపించేది ఆవిడే.

"ఏం తమ్ముడూ, మీ గది మూసేశారటగా! సంఘంలో చేరావు, ఒక్కసారైనా మొహం చూపించావా? రేపు ఆదివారం మార్కెట్ దగ్గరికి రా. కాళ్లు చూసే మనిషి కావాలి నాకు."

"అక్కా, నాకు నాళం తియ్యడం తప్ప..."

"కాళ్లు తెలుసా, తెలియదా?"

"తెలుసు."

"అయితే రా" అని పెట్టేసింది.

టోకు కూరగాయల మార్కెట్‌లో సరుకు దించే రేకుల షెడ్డు అది. ఆదివారం లారీలు రావు కాబట్టి సంఘంవాళ్లు అక్కడ ఉచితంగా వైద్యం చేసేవాళ్లు. మూటలు మోసేవాళ్లు, బళ్లు తోసేవాళ్లు, ఊడ్చేవాళ్లు వచ్చేవాళ్లు. మందులు రాసేందుకు ఒక ముసలి డాక్టరమ్మ బల్ల ముందు కూర్చునేది. రక్తపోటు చూడడం, చక్కెర పరీక్ష, పుళ్లకు కట్లు, ఇవన్నీ సహాయకుల పని. ఒకరు ఎముకల వార్డు, ఒకరు కళ్ల ఆసుపత్రి, ఒకరు పిల్లల విభాగం. వాళ్లలో వాళ్లు వేళాకోళాలాడుకుంటున్నారు, తమ డాక్టర్ల మీద చాడీలు చెప్పుకుంటున్నారు, మధ్యలో ఒకళ్ల సందేహం ఇంకొకళ్లు తీరుస్తున్నారు. కాళ్లాయన ఓ మూల నిలబడి వింటూ ఉండిపోయాడు. "రోగి నన్ను చూసి, అసలు డాక్టరు ఎప్పుడొస్తాడు అని అడిగాడు" అని ఎముకలాయన చెబితే అందరూ ఒక్కసారిగా, "మమ్మల్ని అడగలేదా ఏం!" అన్నారు. అలాంటి చిన్నచూపు వేరేవాళ్లకు కూడా తగులుతుందని కాళ్లాయనకు ఆ రోజు దాకా తోచలేదు.

ఆయన ముందు కూర్చున్న మొదటి మనిషి ఒక పెద్దమ్మ. కూరగాయల బండి ఆవిడది. చెప్పు పట్టీ ఒరుసుకుని చీలమండ లోపలి పక్క పుండు పడింది.

"ఎన్నాళ్లయింది పెద్దమ్మా?"

"ఏమో నాయనా, నొప్పి తెలిస్తే కదా! చెప్పుకు రక్తం అంటితే చూసుకున్నా. గుండె ఆపరేషన్ అయినప్పట్నుంచీ ఈ పక్క చచ్చుబడిపోయింది. గిల్లినా తెలీదు."

ఆయన చీర అంచు కొంచెం పైకి జరపమన్నాడు. పుండు పైనుంచి మోకాలి దాకా సన్నని తెల్లటి గీత. మోకాలి కింద గీత కొంచెం లోపలికి తిరిగి మళ్లీ సర్దుకుంది. అలా తిప్పి కోసే చెయ్యి ఊళ్లో ఒక్కటే. తను కుట్టిన కాలు మానాక ఎలా ఉంటుందో ఆయన చూడడం అదే మొదలు. అంత పొడుగు గాయం మాని దారప్పోగులా అయిపోయింది. దాని కిందే ఈ పుండు. నాళం పక్కనే స్పర్శ నరం సాగుతుంది, దాన్ని కదిలిస్తే కొందరికి తిమ్మిరి మిగిలిపోతుంది. ఆయన పుస్తకంలో చదివిన సంగతే. చదివిన సంగతి ఇప్పుడు ఎదురుగా బల్ల మీద కాలు పెట్టుకుని కూర్చుంది.

"ఈ కాలు కుట్టింది నేనే పెద్దమ్మా" అన్నాడు.

పెద్దమ్మ ఆయన్ని కిందికీ పైకీ చూసింది. "నువ్వా? గాయం మానేదాకా పడ్డ నొప్పంతా నీ పుణ్యమేనా! నెల్లాళ్లు తిట్టుకున్నా ఎవడో గానీ వీడి చేతులు..." అని నాలిక కరుచుకుని, మరుక్షణం పగలబడి నవ్వింది. షెడ్డులో అందరూ ఇటు తిరిగారు. కాళ్లాయన కూడా నవ్వాడు. పుండు కడిగి, కట్టు కట్టి, రోజూ అరికాలు, మడమ, వేళ్ల సందులు కంటితో చూసుకోవాలని, నొప్పి చెప్పని కాలికి కళ్లే కాపలా అని చెప్పాడు. ఆ రోజు ఇంటికెళ్లి భార్యకు పెద్దమ్మ తిట్లతో సహా అప్పజెప్పాడు. భర్త ఒక రోగి గురించి చెప్పడం ఆవిడకు కొత్త. అన్నం చల్లారిపోతున్నా వింటూ కూర్చుంది.

గది బాగయింది, మళ్లీ పని మొదలైంది. షెడ్డు ఆసుపత్రికి దగ్గరే కాబట్టి ఆదివారాలు వెళ్తూనే ఉన్నాడు. చక్కెర జబ్బు కాళ్లన్నీ ఆయన ముందుకే వచ్చేవి. పెద్దమ్మ అయితే వేరే ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. "కుట్టినవాడే కట్టాలి" అనేది. ఆయనకు ఆ మాట ముద్దుగా ఉండేది.

ఒక ఆదివారం ఆవిడ కట్టు విప్పుతుండగా ఆసుపత్రి నుంచి పిలుపొచ్చింది. సగంలో వదిలేసి పరుగెత్తాడు. తరవాతి రెండు ఆదివారాలూ అంతే, ఇంట్లోంచి బయలుదేరకముందే పిలిచారు. ఆ పై ఆదివారం ఎలాగో వెళ్లగలిగితే, అక్క గుమ్మంలోనే ఆపింది.

"నీ పెద్దమ్మ రెండుసార్లొచ్చి కూర్చుని వెళ్లిపోయింది. నువ్వొస్తేనే విప్పుతానంది. ఎంత చెప్పినా వినలేదు. ఇప్పుడు చూడు పో."

పుండు నల్లబడింది. చీము వాసన. కాలికి వాపు. ముసలి డాక్టరమ్మ వెంటనే ఆసుపత్రిలో చేర్పించింది. పెద్దమ్మ ఆటో ఎక్కుతూ కూడా, "నీకు వీలు పడలేదులే నాయనా" అంది. ఆవిడ కోప్పడితే బాగుండేది.

ఆటో వెళ్లాక అక్క ఆయన్ని తూకపు బల్ల మీద కూర్చోబెట్టింది.

"ఆవిడ మొండిదే, కాదనను. కానీ 'కుట్టినవాడే కట్టాలి' అన్నప్పుడు నువ్వేం చేశావు? మురిసిపోయావు. ఇంకొకళ్ల చేత ఒక్కసారైనా కట్టించావా? అక్కడ నిన్ను కట్టేశారని ఏడుస్తావు, ఇక్కడికొచ్చి నీ తాడు నువ్వే పేనుకుంటున్నావు."

ఆయనకు మొదట ఒళ్లు మండింది. ఏ జీతమూ లేకుండా చేస్తున్నవాడిని ఇలాగా అనడం అనుకున్నాడు. ఇంటికెళ్లి భార్యతో చెబితే, ఆవిడ ఎర్ర పెన్ను పక్కన పెట్టి, "అక్క తప్పేం చెప్పింది?" అంది. 

నాలుగేళ్లుగా ఆపరేషన్ బల్ల దగ్గర ఆయన ఎదురుగా నిలబడే సహాయకురాలు ఒకామె ఉంది. కాలు పట్టుకోవడం, పై చర్మం కుట్టడం, అంతవరకే ఆమె పని. నాళం తియ్యడం నేర్పమని చాలాసార్లు అడిగింది. "చూద్దాంలేమ్మా" అనేవాడు. అప్పుడప్పుడూ తనలో తాను, ఈ పిల్లకు తొందరెక్కువ అని కూడా అనుకునేవాడు. నాలుగేళ్లు ఓపిక పట్టిన మనిషికి తొందరేమిటి?

సోమవారం చేతులు కడుక్కుంటూ ఆమెతో అన్నాడు. "ఇవాళ కింది సగం నువ్వు తియ్యమ్మా."

ఆమె కుళాయి కట్టడం మర్చిపోయింది. "నిజంగానా అన్నయ్యా?"

పెద్ద డాక్టరు అవతలి నుంచి, "కొత్త ప్రయోగాలు ఎందుకయ్యా? నువ్వున్నావుగా" అన్నాడు.

"ఉన్నాను సార్. పక్కనే ఉంటాను. రేపు నేను జ్వరమొచ్చి పడితే మీరు కేసు ఆపుకోవాలా?"

పెద్ద డాక్టరు చేతులు తుడుచుకుని లోపలికి నడిచాడు. వద్దని మాత్రం అనలేదు.

ఆమె నిదానంగా తీసింది. ఆయన చేతులు కట్టుకుని, పళ్లు బిగబట్టి చూశాడు. రెండుసార్లు చెయ్యి చాచబోయి వెనక్కి తీసుకున్నాడు. పెద్ద డాక్టరు విసుక్కున్నాడు. చివరికి నాళం చక్కగా వచ్చింది. పెద్ద డాక్టరు దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "ఊఁ" అని తన పనిలో పడ్డాడు. ఆమె మాస్కు వెనక నవ్వుతోందని కళ్లే చెప్పాయి. సంతోషించాల్సిన కాళ్లాయన మాత్రం ఖాళీ చేతులతో బల్ల పక్కనే నిలబడిపోయాడు. తను లేకపోయినా ఈ గదిలో పని జరుగుతుంది. ఇన్నాళ్లూ బరువని మోసినదాన్ని దించుకుంటే, భుజానికి హాయికి బదులు వెలితి తెలిసింది.

ఆ వెలితి త్వరగా పోలేదు. ఏడాది తిరిగేసరికి సగం కేసులు ఆమెవయ్యాయి, ఆదివారం పిలుపులు వంతులవారీగా వచ్చాయి. పెద్దమ్మ కాలు దక్కింది గానీ బొటనవేలు తీసెయ్యాల్సి వచ్చింది. కట్లు కట్టడం షెడ్డులో ఐదుగురికి నేర్పాడు కాళ్లాయన. పెద్దమ్మకు ఇప్పుడు పిల్లల విభాగం అమ్మాయి కడుతోంది. ఆమె చెయ్యే మెత్తగా ఉందని పెద్దమ్మ ఆయన ముందే చెబుతుంది. భార్యతో కలిసి బావమరిది ఊరికి ఒకసారి వెళ్లొచ్చాడు. బస్సులో సగం దారి నిమిషానికోసారి ఉలిక్కిపడుతూనే ఉన్నాడని భార్య అందరికీ చెప్పి నవ్వించింది.

జీతం పెరగలేదు, హోదా పెరగలేదు. గదికి కిటికీ ఎవరూ పెట్టలేదు. చాలా రోజులు పొద్దు కనిపించకుండానే గడిచిపోతాయి. ఇంకా ఎన్నేళ్లు ఇలా అనుకుంటే ఇప్పటికీ ఆయనకు ఊపిరాడదు. అలాంటి రోజున, సహాయకురాలు కేసులో ఉంటే, మెట్లెక్కి వార్డుకు వెళ్తాడు. ఇదివరకు ఎన్నడూ ఎక్కని మెట్లు.

మొన్న ఒక ముసలాయన మంచం దగ్గరికి వెళ్లి దుప్పటి కొసన కాలు చూడబోతే, ఆయన చటక్కున కాలు ముడుచుకున్నాడు.

"ఎవరు బాబూ నువ్వు? నాకు ఆపరేషన్ చేసింది గుండెకి."

"తెలుసు తాతగారూ. గుండెకు కావలసింది ఈ కాలే ఇచ్చింది. దీన్ని ఎలా చూసుకోవాలో చెబుదామని వచ్చాను."

ముసలాయన కాసేపు నమ్మనట్టు చూశాడు. తరవాత, దొంగ ఎవరో దొరికినట్టు, "అందుకా ఇది ఇంత పీకుతోంది!" అని కాలు మెల్లగా చాపాడు. కాళ్లాయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.