అవ్వ చేతి మీది కొమ్ము

మొన్న బుధవారం ఎమ్మిగనూరు నుంచి తొలి బస్సుకు అవ్వ కొడుకు ఆదోనికి వచ్చి, మా వాకిట్లోనే నిలబడి, "అమ్మ పోయిందక్కా, నిద్రలోనే" అన్నాడు. అవ్వ నాకు చుట్టం కాదు. మేము ఎమ్మిగనూరులో కాపురమున్న పదేళ్లూ పక్కింటి మనిషి. నేతపని ఇల్లు.

పొద్దున్నే వీధి పొడుగునా పడుగు సాచి, ఆ దారాలకు గంజి పట్టించడం ఆమె పని. ఎంత ఎండెక్కినా నెత్తిన కొంగు వేసుకునేది కాదు. "ఎండ నాకేం కొత్తనా, మేమిద్దరం ఒక ఈడోళ్లం" అనేది. ఆమె తెగిన దారానికి ముడి వేస్తే, ఎక్కడ వేసిందో నాకు ఎంత వెతికినా దొరికేది కాదు.

ఆమె కుడిచేతి మీద, బొటనవేలి పక్కన, ఒక కొమ్ము మొలిచింది. గోరులా గట్టిగా, పసుపుపచ్చగా, కొన కాస్త వంకర తిరిగి, అచ్చం కొమ్మే. వీధిలోవాళ్లు వింతగా చూస్తే, "ఎద్దుకు రెండుంటాయి, నాకు ఒకటే. ఇంగా పొడిచేంత కాలేదు, దగ్గరికి రాండి" అని నవ్వించేది. నొప్పి లేదు. అది తగులుకుని దారాలు తెగుతున్నాయన్నదే ఆమె బాధ.

"నీ చెయ్యి వణకదు, నువ్వు కత్తిరించమ్మా" అని నా దగ్గరికి వచ్చింది. వేడినీళ్లలో నానబెట్టి, చిన్న కత్తెరతో పైపైన తీసేదాన్ని. ఏదైనా రాసిపెట్టుకోవడం నాకు అలవాటు. కత్తిరించిన ఆదివారం క్యాలెండర్లో 'అవ్వ చెయ్యి' అని రాసేదాన్ని. మొదట రెండు నెలలకోసారి. తర్వాత నెలకు. తర్వాత వారం వారం. కొమ్ము మొదలు ఎర్రబడి గట్టిపడితే, దారం ఒరుసుకుందనుకుని కొబ్బరినూనె రాశాను. ఒకరోజు కత్తెర తగలగానే రక్తం వచ్చింది. ఎప్పుడూ అబ్బా అనని మనిషి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఆ సాయంత్రం క్యాలెండరు తిరగేశాను. అది ఎంత తొందరగా పెరుగుతోందో నా చేత్తోనే రాసి ఉంది.

మర్నాడే కర్నూలుకు తీసుకుపోయాను. డాక్టరు చెయ్యి తిప్పి చూసి, "దీన్ని ఎవరు కత్తిరిస్తా వచ్చినారు?" అని గద్దించాడు. నేను నోరు తెరిచేలోపల అవ్వ అందుకుంది.

"నేనే సారూ."

"కుడిచేతి మీదిది కుడిచేత్తోనే ఎట్ల కోసుకున్నావు?"

"నాది ఎడమచేతి వాటం సారూ."

ఆమె ఎడమచేత్తో చీపురు పట్టగా కూడా నేను చూడలేదు.

ఇలాంటి కొమ్ములు చాలామట్టుకు ఏమీ చెయ్యవనీ, కొన్నిటి అడుగున మాత్రం చర్మం క్యాన్సరు ఉండొచ్చనీ, పైన చూసి చెప్పలేమనీ, మొదలంటా తీసి పరీక్ష చేయించాలనీ డాక్టరు చెప్పాడు. పరీక్షలో అవ్వది క్యాన్సరేనని తేలింది. ఇంకా లోపలికి పాకలేదు. తీసేశారు. మీ ఇళ్లలో ఎవరికైనా ఇలాంటిది మొలిస్తే నాలాగా కత్తెర తియ్యకండి.

ఆపరేషనయి తిరిగొచ్చే బస్సులో నేను ఏడుస్తుంటే, "నువ్వు కత్తిరించినందుకు రాలేదంట కదా, డాక్టరే చెప్పె. ఊరుకో, బస్సులో అందరూ నేను సచ్చినాననుకుంటారు" అంది.

ఆ తర్వాత నేను కత్తెర ముట్టలేదు. రెండు ఆదివారాలు చూసి, మూడోవారం తనే వచ్చి ఎదురుగా కూర్చుంది. "గోళ్లు పెరిగినాయి, తియ్యి" అంది. భయమన్నాను. "నా చెయ్యి చూసి నువ్వే భయపడితే, నేనింక యాడికి పోవాల?" నా చేతులు వణికాయి. ఆమె చెయ్యి కదల్లేదు. ఆ తర్వాత ఏడేళ్లు బతికింది, పడుగు పనిలోనే.

బుధవారం ఆఖరి స్నానం చేయించేటప్పుడు ఆ చెయ్యి నేనే పట్టుకున్నాను. కొమ్ము తీసినచోట అప్పట్లో తొడ మీది చర్మం తెచ్చి అతికారు. ఎండకు నల్లబడి ముడతలు పడిన ఆ చేతిలో ఆ కాస్త జాగా మాత్రం తెల్లగా, నున్నగా, పడుచుపిల్ల చర్మంలా ఉంది. పోసిన నీళ్లన్నీ జారిపోయాక, దాని మీద ఒక్క చుక్క నిలిచింది. తుడవబుద్ధి కాలేదు.