నిలువు అతుకు

తడి సిమెంటు వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఈ ఉదయం దేశ రాజధానిలో, వసంత్ కుంజ్ కాలనీలోని మా బ్లాకు వెనకనున్న పాత ఖాన్‌ఖా వైపు నుంచి అదే వాసన వచ్చింది. ఖాన్‌ఖా అంటే ఒకప్పుడు సూఫీ ఫకీర్లు కలిసి బతికిన మఠం. ఇప్పుడు సగం కూలిన గోడలూ, ముళ్ళపొదలు మొలిచిన ముంగిలీ మిగిలాయి. వాసనతో పాటు సుభద్ర గారు గుర్తొచ్చారు, ఆవిడ కోపమూ గుర్తొచ్చింది.

సుభద్ర గారిది కాకినాడ. కేంద్ర ప్రభుత్వ కొలువులో పాత కట్టడాలను కొలిచి నక్షాలు గీసి, రిటైరయ్యాక మా కింది అంతస్తులో ఉండేవారు. నేను గుర్గావ్‌లో ఒక కంపెనీ లెక్కలు చూసేవాణ్ణి. చరిత్ర నాకెవరూ చెప్పలేదు. గ్రంథాలయం బల్ల ముందు కూర్చుని నాకు నేనే నేర్చుకున్నాను, ఆ గర్వం ఇంకా ఉంది. ఒక ఆదివారం ఐర్లండులోని ఒక శిథిల మఠం గురించిన లావుపాటి పుస్తకం ఆవిడ దగ్గరికి తీసుకెళ్ళి, మధ్యయుగంలో క్రైస్తవ భిక్షువులు అక్కడ ఎలా బతికారో, రాజు మఠాలు మూయించాక పైకప్పులు ఎలా పోయాయో గడగడా అప్పజెప్పాను.

ఆవిడ ఒక ఫొటో దగ్గర ఆపారు. "చదివింది చాల్లే బాబూ. ఇందులో నీకేం కనపడుతోందో చెప్పు."

గంట గోపురం అన్నాను. ఆవిడ గోపురం పక్క గోడ మీద గోరుతో నిలువుగా గీత గీశారు. అక్కడ రాళ్ళ వరసలు పైనుంచి కిందదాకా తెగిపోయాయి. ఒక్క రాయి కూడా ఇటునుంచి అటు దాటలేదు. అంటే చర్చి ముందు కట్టి, గోపురాన్ని తర్వాతెప్పుడో మధ్యలో ఇరికించారన్నమాట. పుస్తకమంతా చదివిన నాకు ఆ అతుకు కనపడలేదు.

ఆ సాయంత్రమే ఖాన్‌ఖాకు తీసుకెళ్ళారు. మధ్యలో ఆవరణ, చుట్టూ నీడన నడిచే వసారా, దాని వెనక చిన్న గదులు. పుస్తకంలోని మఠం అమరికా దాదాపు ఇదే. పడమటి గోడలో అలాంటి నిలువు అతుకే ఉంది. ప్రార్థన గది ముందుది, గదుల వరస తర్వాతది. పక్కనే ఎవరో ప్రేమికుల పేర్లు చెక్కి ఉంటే నేను తిట్లు లంకించుకున్నాను.

"ముందు చూసింది చెప్పు. తిట్టడం తరవాత," అన్నారు. ఏ రాయి, ఎంత లోతు, దేనితో చెక్కారు, అన్నీ చెప్పించాకే తిట్టనిచ్చారు. తర్వాత ఆవిడా బాగానే తిట్టారు.

కొన్నాళ్ళకు కాలనీ సంఘం ఆ గోడలకు సిమెంటు పూసి గులాబీ రంగు వేస్తామంది. సుభద్ర గారు మీటింగులో లేచి, పాత గోడ సున్నంతో కట్టింది, చెమ్మ సున్నంలోంచే బయటికి పోతుంది, సిమెంటు పూస్తే లోపలే నిలిచి రాయి పెచ్చులుగా రాలుతుంది, ఆ గోడ వయసు చెప్పే అతుకూ మూసుకుపోతుంది అని కోపం అణచుకుని ఓపిగ్గా వివరించారు. అధ్యక్షుడు నవ్వాడు.

"ఇత్నా గుస్సా, ఆంటీజీ? దీవార్ హీ తో హై."

గోడే కదా, అంత కోపమెందుకని. అయితే మీ మొహానికీ పూయించుకోండి అని ఆవిడ హిందీలో అంటే అందరూ నవ్వారు. మర్నాడే సిమెంటు పూశారు. ఆవిడ మళ్ళీ అటు వెళ్ళలేదు. ఆ చలికాలమే పోయారు. సంతాప సభలో అదే అధ్యక్షుడు ఆవిడ ఫొటోకు దండ వేసి, మన వారసత్వాన్ని ప్రేమించిన మనిషి అన్నాడు. ఆ మాట నేను క్షమించలేదు, క్షమించను.

ఈ ఉదయం వెళ్ళి చూస్తే కూలీలు మళ్ళీ సిమెంటు కలుపుతున్నారు. పడమటి గోడ పూత పగిలింది. పైనుంచి కిందదాకా, గోరుతో గీసినట్టు, సరిగ్గా ఆ అతుకు మీదే. ఎన్నిసార్లు పూసినా అక్కడే పగులుతోంది సాబ్ అన్నాడు మేస్త్రీ. సాయంత్రం సంఘం మీటింగు అయ్యేదాకా ఆగు భయ్యా అని బతిమాలితే తాపీ కింద పెట్టాడు.

మీటింగులో అదే అధ్యక్షుడు, అదే నవ్వు. పొద్దుటి నుంచి నోటినిండా తిట్లు దాచుకుని వెళ్ళిన నేను, లేచి నిలబడి ముందు చూసింది చెప్పాను. పగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, దాని వెనక ఏ గోడ ఏ గోడకు ఆనుకుని ఉందో, పూత కింద రాయి ఎలా పెచ్చులుగా రాలుతోందో అంతా చెప్పాను. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు తిట్టడం మొదలుపెట్టాను.