పసుపు బస్తాల మీద ముత్తైదువ

పసుపంటే లక్ష్మి, లక్ష్మి ఒంటరిగా ఇల్లు దాటకూడదు అనేది మా అత్తగారు. అందుకే ఏటా మొదటి లోడు మార్కెట్‌కు పోయేటప్పుడు ఇంటి ముత్తైదువ బస్తాల మీద కూర్చుని వెంట పోవాలి. ఎడ్లబండి రోజుల్లో ఆమె కూర్చుంది. ట్రాక్టర్ వచ్చాక నేను కూర్చున్నాను. మా ఆయన పోయాక, నాకిక ఆ అర్హత లేదని ఎవరో అనేలోపు నేనే తప్పుకున్నాను. కొడుకు పెళ్ళయింది కాబట్టి మొన్నటి పంటకు కోడలు కూర్చోవాలని పట్టుబట్టింది కూడా నేనే. ఆమెకు అప్పుడు ఏడో నెల.

కొడుకు వద్దన్నాడు. ఆ వారమే పోలీసులు వాణ్ణి దారిలో ఆపి గట్టిగా చెప్పి పంపారట.

"అమ్మా, ట్రాలీకి నంబర్ వేరే, ఇన్సూరెన్స్ వేరే. అది సామాను మోసెతందుకే. మీద మనిషి కూసుంటె నా మీద కేసు రాస్తరు. ఏమన్న అయితె ఒక్క పైస గూడ రాదు."

"ఇన్నేండ్లు నేను కూసోలేదా? నన్నేమన్న పులి ఎత్కపోయిందా?" అన్నాను.

"నా మాట ఎన్నడిన్నవ్ గనక" అని వాడు గొణిగి ఊరుకున్నాడు. ట్రాలీ వెనుక మాత్రం రాత్రిపూట మెరిసే ఎర్ర స్టిక్కర్లు తెచ్చి అతికించాడు. నేను నవ్వాను. నాకు నోరు ఎక్కువ, భయం తక్కువ. ఆ రోజు వరకు అట్లాగే అనుకునేదాన్ని.

కోడలికి కుదుపు తగలకూడదని, ట్రాలీలో ముందు వైపు పది పన్నెండు బస్తాలు తీయించి వెనుక ఎత్తుగా పేర్పించాను. ముందర గూడులాగా జాగా అయింది. దాంట్లో బొంత పరిచాను. లోడు ఎత్తే హమాలీ తల గోక్కున్నాడు. "అమ్మా, బరువంత ఎన్కకు పోతున్నది. ముందట బరువుండాలె" అన్నాడు. నీ పని నువ్వు చూసుకో అన్నాను. ఇంకో సంగతి నాకప్పుడు తెలియదు. ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించే పిన్ను పైకి లేవకుండా అడుగున ఒక క్లిప్పు ఉంటుంది. అది ఎక్కడో పడిపోయి నెల అయిందట. బస్తాలు కుట్టే సుతిలి తాడుతో పిన్నును కట్టి కొడుకు నడిపిస్తున్నాడు. మా దిక్కు సగం ట్రాలీలు అట్లాగే నడుస్తాయి.

పొద్దున ఎనిమిదింటికి బయలుదేరాం. కోడలు గూట్లో, నేను ఆమెను పట్టుకుని పక్కన. మోర్తాడ్ దాటి పెద్ద రోడ్డెక్కాక నాకు ఒక చప్పుడు వినపడసాగింది. ట్రాక్టర్‌కూ ట్రాలీకీ నడుమ ఉండే ఇనుప దూలం గుంత వచ్చినప్పుడల్లా పైకి ఎగిరి టక్కున పడుతోంది. నేను కూర్చున్న ఇన్నేళ్ళలో అది ఎప్పుడూ ఎగరలేదు. ఆపమని కేకేస్తే కొడుకు ఆపేవాడే. కానీ ఆపి "నేను చెప్పలేదా" అంటాడు కదా. ఆ ఒక్క మాట పడలేక పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను.

ఆర్మూర్ రాళ్ళగుట్టలు కనబడే చోట రోడ్డు ఎత్తెక్కుతుంది. కొడుకు గేరు మార్చాడు. టప్పుమని ఏదో తెగింది; పిన్నుకు కట్టిన సుతిలి అని తర్వాత తెలిసింది. ట్రాలీ ముందుభాగం మమ్మల్ని ఎత్తుకుని ఆకాశంలోకి లేచింది. వెనుకభాగం రోడ్డుకు గుద్దుకుంది. బస్తాలు ఒకదాని వెంట ఒకటి జారిపోయి పగిలాయి. కోడలు ముందు రేకును పట్టుకుని వేలాడుతోంది, నేను ఆమె చీరను గుప్పిట్లో పట్టుకున్నాను. కింద, మా వెనుక వస్తున్న లారీ బ్రేకుల అరుపు. ఇక అయిపోయింది అనుకున్నాను. లారీ పసుపు కొమ్ముల మీదికి వచ్చి ఆగింది.

కొడుకు ఉరికి వచ్చి ట్రాలీ చక్రాల కింద రాళ్ళు పెట్టాడు.

"కదలకుండ్రి! కొంచెం ముందటికి ఒరిగినా దబ్బున కింద పడ్తది!" అని లారీ డ్రైవర్ అరిచాడు. అతడూ, దారిన పోయేవాళ్ళు నలుగురూ కలిసి దూలానికి తాడు వేసి మెల్లగా కిందికి గుంజారు. ఆఖరి మూరెడు ఎత్తులో తాడు చేజారింది. ముందుభాగం నేలకు కొట్టుకుంది. కోడలి కడుపు ముందు రేకుకు తగిలింది.

ఆమె ఏడవలేదు. నన్ను చూసి మెల్లగా అంది: "అత్తమ్మా, కడుపుల కదుల్తలేదు."

ఆటోలో ఆర్మూర్ దవాఖానకు పోయేదాకా ఆమె చేతులు కడుపు మీదే ఉన్నాయి. నేను ఎక్కని దేవుడి గుట్ట లేదు, ఆ దారిలో ఒక్క దేవుడి పేరూ గుర్తు రాలేదు.

డాక్టరమ్మ పరీక్ష చేసి, లోపల బిడ్డ గుండె కొట్టుకుంటోందని చెప్పింది. దెబ్బ ఎట్లా తగిలిందని అడిగింది. కోడలు ముందు మొగుడి వైపు చూసింది.

"మెట్ల మీద జారిన మేడమ్. జరంతనే తాకింది."

"జరంతనే అయితె ఫికర్ లేదు. ఇంటికి పోయి రెస్టు తీస్కో" అని డాక్టరమ్మ చీటీ రాయబోయింది.

కొడుకు నేల చూస్తున్నాడు. నిజం చెబితే కేసు వాడి మీద. చెప్పకపోతే ఈ పిల్లను ఇంటికి తీసుకుపోవాలి, రాత్రి ఏమైనా అయితే ఆర్మూర్ దాకా రావాలి. నా నోరు జీవితంలో మొదటిసారి పెగల్లేదు. చివరికి ఎట్లాగో అన్నాను.

"అబద్ధం మేడమ్. ట్రాలీ మమ్ముల ఎత్తేసింది. రేకు కడుపుకు గట్టిగ తాకింది. వద్దంటె గూడ నేనే కూసోబెట్టిన."

"గీ మాట ముందుగాల చెప్పద్దా!" అని ఆమె నా మీద విరుచుకుపడింది. నిమిషంలో కోడలిని మంచం ఎక్కించి కడుపుకు మిషన్ పెట్టించింది. మరుసటి రోజు దాకా కదలనివ్వనంది.

దవాఖాన వాళ్ళు కబురు పెడితే వచ్చిన పోలీసుకూ అదే చెప్పాను. అతను విసుగ్గా విని, "నువ్వు కూసోబెడితె ఏంది పెద్దమ్మా, బండి నడిపినోనిదే బాధ్యత" అని నా కొడుకు పేరే రాసుకున్నాడు. వాడు నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

పొద్దు వాలుతుండగా కోడలు ఉలిక్కిపడి లేవబోయింది. "అత్తమ్మా, కదిలింది! గిక్కడ. చెయ్యి పెట్టి సూడుండ్రి."

నా చెయ్యి ముందుకు పోలేదు. బయటికి పోయి కొడుకును పిలుచుకొచ్చాను. వాడి చెయ్యి తీసుకుని ఆమె కడుపు మీద పెట్టి, నేను తలుపు దగ్గరే నిలబడ్డాను.