అంచు కిరణాలు

కూచిపూడిలో మా అమ్మాయి మొదటిసారి ఇత్తడి పళ్లెం అంచులపై నిలబడి తరంగం ఆడుతోంది. కెమెరా తెర మీద ఆమె ముఖం చుట్టూ పల్చని పొగలాంటి మసక కనిపించింది. లెన్సు అంచున ప్రవేశించే కిరణాలు మధ్య కిరణాలకంటే ముందే కలుసుకోవడం వల్ల వచ్చే దోషమది. లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, అంటే అపర్చర్, కుదిస్తే అంచు కిరణాలు ఆగి మసక తగ్గుతుంది, వెలుతురూ తగ్గుతుంది. అందుకు షట్టరును ఎక్కువసేపు తెరిచి ఉంచితే, కదిలే పిల్ల రూపం చెదిరిపోతుంది. ఫ్లాష్ మీద చెయ్యి వేశాను.

"వద్దండీ, పిల్ల పళ్లెం మీదుంది," అన్నారు గురువుగారు.

ఇక దారి మిగల్లేదు. చివరికి ఆమె పళ్లెం దిగి, కదలకుండా నమస్కరించినప్పుడు అపర్చర్ కుదించి తీశాను. ముఖం స్పష్టంగా వచ్చింది.

ఫొటో చూసి మా ఆవిడ అడిగింది: "బానే ఉంది గానీ, పళ్లెం ఏదండీ?"