ఫిరోజా అడగాలనుకున్న మాట

ఆలూరులో మాబున్నీసాను ఎవరైనా "ఏం పని చేస్తాండావక్కా?" అని అడిగితే, "పరిశోధన" అని ఠక్కున చెప్పేది. నవ్వేవాళ్లు నవ్వేవారు. నవ్వితే నవ్వనీ! సంతకం తప్ప చదువు లేని మనిషే. కానీ పత్తి ముంచి, మొగుడు ప్రాణం తీసుకున్న ఇంట్లో ఆడది ఎలా బతుకుతుందో ఆమె కన్నా ఎవరికి తెలుసు? యూనివర్సిటీ సుప్రజ, సేవాసంస్థలో పనిచేసే ఏసేపు ఆ సంగతి గుర్తించే ఆమెను తమతో సమానంగా కూర్చోబెట్టుకున్నారు. అలాంటి ఇళ్లకు ఎప్పుడు పోవాలో, ఏం అడగాలో ముగ్గురూ కలిసి తేల్చాలి.

మొదటి రోజే ఆమె పట్టుబట్టింది.

"మా ఇండ్లల్లో మొగుడు పోతే నాలుగు నెలల పది దినాలు ఇద్దత్. ఆడది గడప దాటదు. అన్నాళ్లూ మనం పోగూడదు. నాకు మూడో దినానికే కెమెరాలేసుకోని వచ్చిరి. ఆ బాధ ఇంకెవరికీ వద్దు."

ఏసేపు నసిగాడు. "ఆడోళ్లు పోవచ్చు గదక్కా? నువ్వొక్కదానివైనా..."

"నీకు తెల్సా, నాకు తెల్సా?"

బాధపడినవాళ్ల మాటే చెల్లాలని ముందే ఒప్పుకున్నారాయె. సుప్రజ అలాగే రాసేసుకుంది. జన్మలో మొదటిసారి తన మాట నెగ్గినందుకు మాబున్నీసా ఆ రోజు తలెత్తుకుని ఇంటికి నడిచింది, పిచ్చిది.

ఎండాకాలంలో పక్క వీధి ఫిరోజా భర్త కూడా అలాగే పోయాడు. ఇరవై నాలుగేళ్ల పిల్ల. మట్టి చేసిన రోజు పోయి వచ్చిన మాబున్నీసా మళ్లీ ఆ గడప తొక్కలేదు. "ఇద్దత్ అయిపోనీ, మొదట నేనే పోతా" అని ఏసేపుతో రెండుసార్లు అంది. ఇంకా పంతొమ్మిది రోజులున్నాయనగా ఫిరోజా కూడా ప్రాణం తీసుకుంది.

సుప్రజ కర్నూలు నుంచి పరుగున వచ్చింది. "తప్పు మన ముగ్గురిదీ అక్కా" అని ఏడ్చింది. మాబున్నీసాకు ఒళ్లు మండిపోయింది.

"మాట నాది. పంచుకుంటే తగ్గేదా ఇది?"

ఫిరోజా ఇంటికి పోయి, ఆమె అత్త చేతులు పట్టుకుని మాబున్నీసా, "ఇద్దత్‌లో ఉండాదని రాలేదమ్మా" అంది.

ముసలామె అయోమయంగా చూసింది. "ఆడోళ్లకు అడ్డమేముండాది? వీధంతా వచ్చిపోయిరి. నీకోసమే దినామూ ఎదురుచూసె. మాబక్కను ఒక్క మాట అడగల్ల అనేది. మొగుడు పోయినాక నీకు మళ్లా ఎన్నాళ్లకు నిద్ర పట్టిందో అని."

"ఏడు నెలలకమ్మా" అని చెప్పి, మాబున్నీసా అక్కడే నేల మీద కూలబడి గుండెలు బాదుకుంది.