ఖాడీ మట్టికి చెప్పిన మాట

పునాది తవ్వే ముందురోజు సాయంత్రం మా అత్త మట్టితో మాట్లాడేది. పాలమూరు నుంచి బొంబాయి వచ్చి కామాటిపురాలో వరసగదుల చాలులో చేరిన మా ముఠాలో కూలి అందరిదీ ఒకటే, ఈ పని మాత్రం ఆమెది. చెంబెడు పసుపునీళ్ళు చల్లి, గడ్డపారతో నేలను తట్టి, గొంతెత్తి చెప్పేది:

"పురుగమ్మా, పుట్రమ్మా, తేలమ్మా, జెర్రమ్మా, రేప్పొద్దున ఈడ పార దిగుతది. పిల్లజెల్లను తీస్కొని జరుగుండ్రి."

ఇన్నేళ్ళలో మా వాళ్ళలో ఎవరినీ పాము ముట్టలేదు, ఎవరి మీదా గోడ పడలేదు. అదంతా ఆ మాట చలవేనని నమ్మకం. ఆమె చెప్పందే ఎవరూ పార పట్టేవారు కాదు.

నేను కొత్త కోడలిని. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి బొంబాయిలో గది దొరకడమే గొప్ప. "పసుపునీళ్ళకు తేలు పోతదా అత్తా? గడ్డపార సప్పుడుకు పోతది గని" అనేదాన్ని. "ఎట్ల పోతే నీకేందే, పోయిందా లేదా?" అనేది.

ఎనభైల్లో ఒక చలికాలం మాకు భరావు పని దొరికింది. కూలీలు పనికోసం నిలబడే ఫోరస్ రోడ్ నాకాలో లారీ ఎక్కించి, బొంబాయికి ఉత్తరాన ఒక ఖాడీ ఒడ్డున దింపారు. ఖాడీ అంటే సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చి నిలిచిన ఉప్పునీటి పాయ. దాన్ని రాళ్ళతో, కూల్చిన ఇళ్ళ మట్టితో పూడ్చి చదును చేయాలి, అదే భరావు. ఆ సాయంత్రం సముద్రం పోటు మీద ఉంది, ఎటు చూసినా నీళ్ళే. అత్త ఆ నీళ్ళలోనే పసుపు కలిపి తన మాట తాను చెప్పింది.

"ఈ మురికిల ఎవలుంటరు అత్తా? నీ పసుపు దండుగ" అన్నాను.

తెల్లారి వచ్చేసరికి నీళ్ళు వెనక్కి పోయి ఉన్నాయి. మురుగునీటి నాలా వచ్చి కలిసే చోట మట్టి నల్లగా, కుళ్ళిన గుడ్ల వాసన కొడుతోంది. అక్కడ వెంట్రుకల్లాంటి ఎర్ర పురుగులు తప్ప మరేమీ లేవు. నాలాకు దూరం పోయేకొద్దీ మట్టి బూడిదరంగుకు తిరిగింది, చిల్లులు మొదలయ్యాయి. ఒక్కో చిల్లులోంచి వేలెడు పీత బయటికొచ్చి, తన ఒంటికి మించిన ఒకే ఒక్క పెద్ద కొండిని ఎత్తి ఊపుతోంది. అడుగేస్తే చాలు, చుట్టూ మట్టిలోంచి నీళ్ళు చిన్న చిన్న ధారలుగా ఎగజిమ్ముతున్నాయి. మా చాలులో గదికి పదిమందిమి ఉంటే అదే కిటకిట అనుకునేదాన్ని. అరచేయంత జాగాలో ఇంత బతుకు ఉంటుందని నాకు తెలియదు. నా నోరు మూతపడింది ఆ ఒక్క పొద్దేనని అత్త తర్వాత ఎన్నోసార్లు ఎత్తిపొడిచింది.

ఆమె మాత్రం అప్పుడు నన్ను చూడటం లేదు. "ఒక్కరు గూడ జరగలే" అంది.

మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో మట్టి తవ్వింది. రెండు చిప్పల గుల్ల ఒకటి చేతికొచ్చి ఆమె మొహం మీద నీళ్ళు చిమ్మింది. దాన్ని తిప్పి తిప్పి చూసింది. కాసేపటికి అది నాలుక లాంటి తెల్లటి కండ బయటపెట్టి, ఆమె అరచేతిని తడిమి, మళ్ళీ లోపలికి లాక్కుంది.

"కాళ్ళు లేవే దీనికి. జరగమని ఎట్లంటినే నేను?"

మమ్మల్ని పనికి కుదిర్చిన ముకాదం అరుస్తున్నాడు. "పెద్దమ్మా, లారీలు నిలబడ్డయి. మాట చెప్పినవు గద, అయిపాయె."

"చెప్పిన. వాళ్ళు పోలే."

"ఎవలు పోలే?"

అత్త అరచెయ్యి చాపి చూపించింది. అతను నవ్వాడు. ముఠాలో ఎవరూ నవ్వలేదు. ఆమె ఊ అనకపోతే పార లేవదు. పార లేవకపోతే రేపు నాకాలో మా బదులు ఇంకో ముఠా ఉంటుంది. అది అందరికీ తెలుసు, ఆమెకు ఇంకా బాగా తెలుసు.

"కాళ్ళు లేనోళ్ళకు మన కాళ్ళియ్యాలె" అని మొదటి తట్ట ఆమే ఎత్తింది. ఆడవాళ్ళం గుల్లల్ని మట్టితో సహా తట్టల్లోకి తోడుకుని, మోకాలిలోతు పాయ దాటి అవతలి ఒడ్డున దించాం. ముకాదం తిట్లకు లెక్కలేదు. పోటు తిరిగి పాయలో నీళ్ళు నడుముదాకా వచ్చేవరకు మోశాం. వెనక్కి చూస్తే మేము తవ్వింది గుంటెడు నేల కూడా లేదు. మిగిలినదంతా అలాగే, చిన్న చిన్న ధారలు చిమ్ముతూ పడుకుని ఉంది.

అత్త ఒడ్డున నిలబడింది. పసుపునీళ్ళు లేవు, గడ్డపార లేదు.

"మీకు కాళ్ళు లేవు. మాకు ఇంకో కూలి లేదు. తప్పు మాదే" అని రాళ్ళ లారీకి రమ్మని చెయ్యి ఊపింది.

రాళ్ళు పడ్డాక చాలాసేపు బుడగలు వచ్చాయి. అవి ఆగిందాకా ఎవరమూ కదల్లేదు.

ఆ తర్వాత ముఠా ఎక్కడ తవ్వినా అత్త ముందు వేళ్ళతో మట్టి తీసి చూసేది. కాళ్ళున్నవాళ్ళు కనిపిస్తేనే జరగమనేది.

కొన్నేళ్ళకు ఆ భరావు మీద రోడ్డు పడింది, బస్సులు తిరిగాయి. ఒకసారి పనిమీద ఇద్దరం బస్సులో అటు పోతున్నాం. మేము పూడ్చిన నేల మీద బిల్డింగులు మొదలయ్యే చోట అత్త చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ ఎత్తి సీటు మీద పెట్టుకుంది. కాళ్ళు దించమని కండక్టర్ మరాఠీలో కసిరాడు. నలుగురూ చూస్తున్నారని నేను మోచేత్తో పొడిచాను.

"కిందున్నరు బిడ్డా" అంది ఆమె, అతనితో, తెలుగులోనే.

అతనికి అర్థం కాలేదు. నేను కూడా చెప్పులు విడిచాను.